గడప పక్కన మందుకుండ

మా వీధిలో మందుకుండను ఎవరూ తిరిగి ఇవ్వరు. గొడుగు తీసుకుంటే ఇస్తారు, నిచ్చెన తీసుకుంటే ఇస్తారు. కషాయం కాచుకునే మట్టికుండ మాత్రం తీసుకున్నవాళ్ళ ఇంట్లోనే ఉండిపోతుంది. తరవాత ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళే వెళ్ళి తెచ్చుకుంటారు. అడగడం కూడా తక్కువే, మెట్ల మీద ఖాళీగా కనిపిస్తే పట్టుకుపోతారు. అలా కాక, వాడుకున్నవాళ్ళే మోసుకొచ్చి నీ గడపలో పెట్టారంటే కుండతో పాటు జబ్బును కూడా నీకు అప్పజెప్పినట్టు.

అందుకే ఆ రోజు పొద్దున తలుపు తీయగానే నా కుండ గడప పక్కన కనిపించేసరికి అడుగు బయట పెట్టకుండా ఆగిపోయాను.

నా కుండే. మూత అంచు విరిగిన చోటు నాకు తెలుసు, పిడి కింద నల్లమచ్చ తెలుసు. వేసవి చివర్లో ముఖాలకు పూత వేసే కొట్టావిడ పాంగ్, అందరూ టీచరమ్మ అంటారు, వచ్చి, ఒంట్లో వేడి చేసిందని అడిగి పట్టుకెళ్ళింది. ఇప్పుడు శుభ్రంగా కడిగి, మూత జారకుండా ఎర్ర దారం కట్టి ఉంది.

"వేయ్‌నింగ్!" అని అరిచాను.

నా మనవరాలు తలకు తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలోంచి వచ్చింది. "ఏంటి నాయనమ్మా, దొంగలు పడ్డట్టు ఆ కేకలు?"

"ఈ కుండ ఎవరు తెచ్చారు?"

"నేనే. నిన్న వచ్చేటప్పుడు తెచ్చా. టీచరమ్మకి ఇక అక్కర్లేదట."

"అక్కర్లేకపోతే అక్కడే పడి ఉంటుంది. తిరిగి పంపుతారా ఎవరైనా?"

"మట్టికుండే కదా! బాంబేమీ కాదుగా" అని నవ్వింది. నవ్వుతూ నా వైపు చూడలేదు. అద్దం వైపు చూసింది.

పాంగ్ కొట్టులో పూత మొదలుపెట్టినప్పటి నుంచీ అది అద్దాన్ని వదిలి ఉండడం లేదు. ఉండదు మరి. దాని మొహం అలా అయింది. బుగ్గల మీద చిన్నప్పటి నుంచీ ఉన్న గోధుమరంగు మచ్చలు ఒక్కటీ లేవు. చర్మం కింద దీపం పెట్టినట్టు తెల్లటి వెలుగు. వీధిలో ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాకు మాత్రం ఆ తెలుపు చూస్తే ఎందుకో మంచు కురిసిన పొలం గుర్తొచ్చేది. కింద ఏముందో తెలియదు.

కుండను నేను లోపలికి తేలేదు. కాలితో కూడా తాకకుండా అక్కడే వదిలేశాను.

నాకు భయాలు ఎక్కువని ఇంటా బయటా అందరికీ తెలుసు. వేయ్‌నింగ్ తల్లి నాలుగేళ్ళ పిల్లను నా చేతిలో పెట్టి, ఫుయాంగ్ బస్సెక్కుతూ "మిఠాయిలు తెస్తాను, త్వరగా వచ్చేస్తాను" అంది. రాలేదు. నా కొడుకు లారీ మీద పోతూ పొగమంచులో పోయాడు. వాళ్ళందరికంటే ముందు, నా చిన్నప్పుడు, కరువు ఏట, మా నాన్న ఎక్కడినుంచో ఒక్క బేరిపండు తెచ్చాడు. కత్తితో రెండు చెక్కలు చేసి నాకొకటి, చెల్లెలికొకటి ఇచ్చాడు. ఆ తీపి నోట్లో ఉండగానే నిద్రపోయాను. లేచి చూస్తే చెల్లెలు లేదు. నది అవతల, పిల్లలు లేని ఇంటికి ఇచ్చేశారు. అక్కడ గంజి దొరుకుతుందన్నారు. మళ్ళీ దాన్ని చూడలేదు.

మా మాటలో బేరిపండూ 'లీ'నే, ఎడబాటూ 'లీ'నే. అందుకని ఒక పండును ఇద్దరు పంచుకోకూడదంటారు. ఆ తరవాత నా ఇంట్లో బేరిపండు మీద కత్తి పడలేదు. తింటే మనిషికొక పండు, లేదా పటికబెల్లంతో ముక్క చేయకుండా ఉడకబెట్టడం. వేయ్‌నింగ్ నన్ను ఏడిపించేది. "నాయనమ్మా, మాట ఒకటే అయినంత మాత్రాన పండుకి తెలుస్తుందా?" అనేది.

కింద ఇంట్లో ఉండే డౌ గొడ్డుమాంసం రొట్టెలు కాలుస్తాడు. నా కంటే చిన్నవాడు, నోరు పెద్దది. నేను మెట్లు దిగుతుంటే పొయ్యి దగ్గర నుంచే అందుకున్నాడు.

"ఏంటి వదినా, పొద్దున్నే ఆ మొహం? మళ్ళీ ఎవరైనా బేరిపండు కోశారా?"

"నా కుండ తిరిగొచ్చింది."

అతని చేతిలో అట్లకాడ ఒక్క క్షణం ఆగింది. "ఎవరు పంపారు?"

"ముఖాల కొట్టు పాంగ్."

"ఆవిడకేం తెలుసులే, హునాన్ నుంచి వచ్చిన మనిషి" అని మళ్ళీ రొట్టె తిప్పాడు. "మా కోడలు మొహం చూశావా మరి? యూటోంగ్ ఇప్పుడు ఒలిచిన కోడిగుడ్డు. దాని పక్కన నిలబడితే నేను మాడిన రొట్టెలా ఉంటున్నా."

"నువ్వు మాడకుండా ఉన్నదెప్పుడు?"

"అదీ నిజమే. కానీ చూడు వదినా, దానికి ఈ మధ్య వేళ్ళు లావెక్కాయి. ఉంగరం సబ్బు రాసి తీయాల్సొచ్చింది. పుట్టింటి కూడు ఎక్కువైందని నేనంటే నా మీద గిన్నె విసిరింది."

నవ్వాడు. నేనూ నవ్వాలనుకున్నాను. కానీ నవ్వు రాలేదు. వేయ్‌నింగ్ కూడా వారం నుంచీ చేతికి గాజు వేసుకోవడం లేదు.

ఆ కుండ సంగతి తేల్చుకుందామని మధ్యాహ్నం పాంగ్ కొట్టుకి వెళ్ళాను. చేమంతుల కాలం. దారంతా తడకల మీద పూలు ఆరబోసి ఉన్నాయి. పక్క మందుల గోదాముల్లోంచి ఏంజెలికా వేరు వాసన ఘాటుగా వస్తోంది. మా ఊరు బోజౌలో గాలి కూడా మందే. ఈ వాసనలోనే నేను పెరిగాను, చదువూ ఈ వాసనలోనే. బడికి పోలేదు. పూలు ఏరే షెడ్డులో మందుల పొట్లాల మీద అక్షరాలు చూసి, ఒకరిని ఇదేంటి, ఒకరిని అదేంటి అని అడిగి నేర్చుకున్నాను. అందువల్ల ఎక్కడ రాత కనపడినా చదవకుండా ఉండలేను.

పాంగ్ కొట్టు మీద 'ఏడు తెలుపులు' అని పెద్ద బోర్డు. పేరులో తెలుపు ఉన్న ఏడు మందులు నూరి ముఖానికి పూయడం దాని పని. కొత్తేమీ కాదు, రాణివాసాల కాలం నాటి పూత. బోర్డు కింద చిన్న అక్షరాల్లో 'విషం బయటికి' అని ఉంది. మొదటిసారి అది చదివినప్పుడు నేను తప్పు చదివాను. మా రాతలో బయటికి తోసెయ్యడానికీ, వరసలో నిలబెట్టడానికీ ఒకటే అక్షరం. 'విషం వరసగా' అని చదివి వేయ్‌నింగ్‌ను అడిగితే, అది పొట్ట పట్టుకుని నవ్వింది. "అది కాదు నాయనమ్మా! పూత వేయగానే మొహం ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది. లోపలి విషం బయటికి వస్తోందని అర్థం. ఆపకుండా పూయాలి. ఆపితే విషం వెనక్కి తిరుగుతుంది."

లోపలికి వెళ్ళేసరికి కుర్చీల్లో ఆడవాళ్ళు వరసగా వాలి ఉన్నారు. అందరి మొహాలూ తెల్లటి పూతలో ఉన్నాయి, కళ్ళు మూసి ఉన్నాయి. ఎవరు ఎవరో తెలియదు. ఆ తెల్లటి వరస చూడగానే నా తప్పు చదువు గుర్తొచ్చింది.

"ఎవరు, నింగ్ నాయనమ్మేనా?" అంది ఒక తెల్ల మొహం, పెదాలు కదపకుండా. "మీరూ వేయించుకోండి పెద్దమ్మా, ముడతలన్నీ పోతాయి."

"ముడతలు పోతే పింఛను ఎవడిస్తాడే? వాడు నన్ను గుర్తుపట్టొద్దూ?"

గట్టిగా నవ్వితే పూత పగులుతుందని అందరూ ముక్కులతో నవ్వారు. ఆ శబ్దం నాకు నచ్చలేదు.

వెనక గదిలో పాంగ్ టీచరమ్మ చిన్న పీట మీద కూర్చుని రోట్లో పొడి నూరుతోంది. మొహం పింగాణీ బొమ్మలా మెరుస్తోంది. కానీ కళ్ళ కింద సంచులు. రోకలి పట్టిన చెయ్యి సన్నగా వణుకుతోంది. మేజోళ్ళు మడమల దాకా మడిచి ఉంది. మేజోడు అంచు నొక్కిన చోట కాలు గుంటపడి, ఆ గుంట లేవకుండా అలాగే ఉంది.

నేను పోట్లాటకు వచ్చాను. ఆ కాళ్ళు చూశాక గొంతు తగ్గించుకున్నాను. అయినా అడిగాను.

"పాంగ్, నీకు మా పద్ధతి తెలియకపోతే ఎవరినైనా అడగాల్సింది. వాడుకున్న కుండ నా గడపలో ఎలా పెట్టించావు? ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంది."

ఆమె నూరడం ఆపి నా వైపు చూసింది. చాలా మెల్లగా అంది: "నేను పంపలేదు పిన్నీ. ఆ పద్ధతి మా ఊళ్ళోనూ ఉంది. కుండ కావాలని నింగే వచ్చి తీసుకెళ్ళింది."

అంటే కుండను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. పద్ధతి తప్పలేదు. తరవాత జబ్బు చేసినవాళ్ళే వెళ్ళి తెచ్చుకున్నారు.

"దానికేం జబ్బు?" అన్నాను.

"జబ్బంటారేంటి, పని చేస్తోందనండి. నాకు వచ్చినట్టే కాళ్ళకి నీరు పట్టింది. పైది అయిపోయాక లోపలి విషం దిగుతుంది. కాళ్ళలోకి దిగి, అక్కడి నుంచి పోతుంది. బూడిదగుమ్మడి తొక్క, మొక్కజొన్న పీచు కాచి తాగమన్నాను."

"నీకు తగ్గిందా మరి?"

"తగ్గుతుంది." తన కాళ్ళ వైపు చూసుకుంది. "మా అమ్మకి కూడా చివర్లో ఇలాగే చాలా విషం బయటికి వచ్చింది."

ఆ మాటను ఆమె ధైర్యంగానే చెప్పింది. మోసం చేసే మనిషి అలా చెప్పదు. మోసమైతే బాగుండేదని నాకు అనిపించింది. మోసగత్తె అయితే తన మొహానికి పూసుకునేది కాదు.

"ఆ రోట్లో ఏముంది?"

"ఏడు తెలుపులే. చిటికెడు తేలికపొడి. అది లేకపోతే వెలుగు రాదు, మా అమ్మ చేతి గుట్టు. పిన్నీ, మీరు కంగారుపడి పిల్లని ఆపకండి. చలికాలంలో హెఫే నగరంలో కొత్త కొట్టు తెరుస్తున్నాం, గోడ మీద దాని ఫోటోనే పెడుతున్నా. ఇప్పుడు ఆపితే అంతా వెనక్కి తిరుగుతుంది."

ముందు గదిలో ఎవరో ముక్కుతో నవ్వారు. నేను గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

ఇంటి మెట్లెక్కుతుంటేనే వాసన తగిలింది. గడప పక్కన కుండ లేదు. తలుపు తోస్తే, వంటింట్లో చిన్న మంట మీద అది బుసబుసమంటోంది. ఈ వేళప్పుడు నేను ఉండనని వేయ్‌నింగ్ పొయ్యి ముట్టించింది. పీట మీద కూర్చుని, ప్యాంటు పైకి మడుచుకుని, వేలితో తన కాలు నొక్కి చూసుకుంటోంది. పాంగ్ కాలిలో ఉన్న గుంటే. నన్ను చూసి గబుక్కున ప్యాంటు దించింది.

"ఆసుపత్రికి పద" అన్నాను.

"ఎందుకు? విషం దిగుతోందంతే. టీచరమ్మ చెప్పింది."

"ఆవిడ కాళ్ళు చూశాను."

"చూస్తే? ఆవిడది చివరి మెట్టు, నాది మొదటి మెట్టు."

"ఆ మెట్లు ఎటు పోతున్నాయే?"

"నీతో వాదించలేను నాయనమ్మా. నీకు పిల్లి తుమ్మినా ఎడబాటే. ఆసుపత్రికి వెళితే అన్నీ మానేయమంటారు. మానేస్తే మచ్చలు మళ్ళీ వస్తాయి. నేను లేకుండా హెఫే కొట్టు తెరుస్తారా? కొత్త కొట్టు తెరిచేదాకా ఆగు. ఆ తరవాత నువ్వు చెప్పినట్టే వింటా."

అరిస్తే వినదు. ఏడిస్తే బయటికి పోతుంది. దాని తల్లి బస్సెక్కేటప్పుడు నేను చెయ్యి పట్టుకుని బతిమాలాను, ఆ చెయ్యి విదిలించుకునే పోయింది. బుట్టలోంచి ఒక బేరిపండు తీశాను. దాంగ్షాన్ పండు, పెద్దది, పచ్చగా పండింది. కూరలు తరిగే పలక మీద పెట్టి కత్తి అందుకున్నాను.

"నాయనమ్మా, ఏం చేస్తున్నావు?"

కోశాను. ఇంతకాలం మరచిపోయిన శబ్దం, తడిగా, చటుక్కున. రెండు చెక్కలయ్యాయి. ఒకటి దాని ముందు పెట్టాను.

"తిను."

"నేను తినను."

"పండే కదా. దానికేం తెలుసు అన్నావుగా. మీ అమ్మ పోయేటప్పుడు నేను పండు కోయలేదు, అయినా పోయింది. ఈసారి నేనే కోసి ఇస్తున్నా. నీ చెక్క తినేసి హెఫే వెళ్ళు, మొహం గోడ మీద పెట్టుకో. నా చెక్క నేను తింటా."

నా చెక్క నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. నిజంగానే కొరికేదాన్ని. బెదిరింపు కాదు, ఆ క్షణంలో నాకు ఇక ఎదురుచూసే ఓపిక లేదు. పళ్ళు తగిలే లోపల అది లేచి నా చేతి మీద కొట్టింది. చెక్క ఎగిరి పొయ్యి కిందికి దొర్లింది.

"ఛీ! ముసలిదానివై ఉండి ఇవేం పనులు?" అని అరిచి, అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు మొదలైంది. కన్నీళ్ళు కారిన చోట తెల్లపూత కొట్టుకుపోయి, కింద చారలు చారలుగా బూడిదరంగు చర్మం కనిపించింది. "నాకు భయమేస్తోంది నాయనమ్మా. ఒంటేలుకి పోతే సబ్బు వేసినట్టు నురగ. చాప్‌స్టిక్స్ పట్టుకుంటే జారిపోతున్నాయి. నిద్ర పట్టడం లేదు. ఎవరికి చెప్పను? నీకు చెబితే నువ్వు చచ్చిపోతావనుకున్నా."

పొయ్యి ఆపేశాను. కుండలో కషాయం కాలువలో పారబోసి, కుండను మళ్ళీ గడప బయట పెట్టాను. వేయ్‌నింగ్ పూత డబ్బాను రుమాల్లో మూటకట్టుకున్నాను. డౌ రొట్టెలు అమ్ముకునే మూడు చక్రాల బండి తీశాడు. దారంతా ఒక్క జోకు కూడా వేయలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న పిల్లే, వేయ్‌నింగ్ కంటే కాస్త పెద్దది. కాళ్ళు నొక్కి చూసింది, పరీక్షలకు పంపింది, చివరికి డబ్బా మూత తీసి చూసింది.

"ఇందులో ఏం కలిపారు అమ్మమ్మా?"

"తేలికపొడి అంది."

ఆ అమ్మాయి మూత గట్టిగా బిగించి, డబ్బాను బల్ల మీద దూరంగా జరిపింది. "అది పాదరసంతో చేసే పొడి. పరీక్షలో తేలాలి, కానీ ఇలాంటివి మేము ముందూ చూశాం. మూత్రపిండాలు దెబ్బతిన్నట్టున్నాయి. ఇవాళ్టి నుంచే ఇక్కడ ఉండాలి."

"విషం బయటికి పోతోందన్నారు."

"పోవడం లేదు. లోపలికి వెళ్తోంది."

"తగ్గుతుందా?"

"త్వరగా వచ్చినవాళ్ళకి చాలామందికి తగ్గింది" అంది డాక్టరు. త్వరగా వచ్చామో లేదో చెప్పలేదు. కాగితం మీద ఏదో రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది: "ఇది ఇంకా ఎంతమంది పూసుకుంటున్నారు?"

వాలిన కుర్చీలు, మూసిన కళ్ళు నా ముందు నిలిచాయి. కొట్టు పేరు, సందు పేరు చెప్పాను. పాంగ్ కాళ్ళ గురించి కూడా చెప్పాను.

వేయ్‌నింగ్‌కు మంచం ఇచ్చారు. మొహం కడిగేసరికి అది మళ్ళీ చిన్నపిల్లలా కనిపించింది, అలసిపోయిన చిన్నపిల్లలా. దానికి బట్టలూ గిన్నే తేవడానికి నేను ఇంటికి వెళ్ళి రావాలి. లేస్తుంటే నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"త్వరగా వచ్చేస్తావుగా?"

దాని తల్లి బస్సెక్కుతూ అన్న మాటే. "మిఠాయిలు తేను, బట్టలే తెస్తాను" అన్నాను. అది నవ్వింది. గది దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాను.

మా వీధికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తడకల మీద చేమంతులు ఎత్తేస్తున్నారు. డౌ బండి ఆపి, గొంతు సవరించుకున్నాడు. "వదినా, యూటోంగ్‌కు కూడా ఆ పూత మానమని నువ్వే చెప్పు. నా మాట అది వినదు. ఉంగరం సంగతి కూడా చెప్పు" అన్నాడు.

"ఇప్పుడే చెబుతా, బట్టలు సర్దుకుని దిగుతా."

మెట్లెక్కాను. గడప పక్కన తడి ఉంగరంలా గుండ్రటి మరక ఉంది. కుండ లేదు.

గాలికి పోయే వస్తువు కాదు. పిల్లలు ఆడుకునే వస్తువూ కాదు. మెట్ల మీద ఖాళీగా కనిపించింది, కావలసినవాళ్ళు పట్టుకుపోయారు. మా వీధిలో అడగరు.

తలుపు తెరవకుండానే వెనక్కి తిరిగి, మెట్లు దిగాను. డౌ ఇంకా బండికి గొలుసు వేస్తున్నాడు. తల ఎత్తి గాలి వాసన చూశాడు.

"వదినా, కంగారులో పొయ్యి ఆపకుండా వచ్చావేమో. బూడిదగుమ్మడి తొక్క వాసన వస్తోంది."

"మా పొయ్యి ఆపే వచ్చాను" అన్నాను.

అతను నా మొహం చూశాడు. తరవాత మెల్లగా తన వంటింటి కిటికీ వైపు తిరిగాడు. అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. ఆ వెనక ఒక తెల్లటి మొహం పొయ్యి మీదికి వంగి ఉంది.

గొలుసు అతని చేతిలోంచి జారి నేల మీద పడింది. నేను అప్పటికే అతని తలుపు కొడుతున్నాను.